సదరం బోర్డుకు వెళ్లేముందు: పని చేయలేని స్థితిని కాగితం మీద ఎలా చూపించాలి

మా కాక వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఇరవై ఆరేళ్లు హమాలీ పని చేశాడు. నడుములో డిస్కు జారి, కుడి కాలు మొద్దుబారింది. బస్తా ఎత్తడం సంగతి అటుంచి, చెప్పులో కాలు పెట్టడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఒంట్లో లోపం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు నేనే వెంట తీసుకుపోయాను. డాక్టర్ "ఎట్లున్నది?" అని అడగ్గానే మా కాక నిటారుగా నిలబడి, "మంచిగనే ఉన్న సారు, కొంచెం నడుమే గుంజుతది" అన్నాడు. వంగమంటే పళ్లు బిగపట్టి మోకాళ్ల దాకా వంగాడు. స్కానింగ్ రిపోర్టు ఇంట్లో బీరువా మీద ఉండిపోయింది. సర్టిఫికెట్‌లో 30 శాతం వచ్చింది. పింఛనుకు 40 కావాలి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను కోపం చేస్తే, "అబద్ధం చెప్పమంటవా బిడ్డా?" అన్నాడు. అబద్ధం అక్కర్లేదు. కానీ ఆయన చెప్పింది నిజంలో సగమే. మన దగ్గర చాలామంది అంతే. కష్టపడి బతికినవాళ్లకు "నాకు చేతకాదు" అనడం నామోషీ. ఆ తర్వాత మా వాడలో, చుట్టాల్లో చాలామందికి కాగితాలు సర్దిపెట్టాను. అప్పుడు నేర్చుకున్నది మీకు చెబుతున్నాను.

ముందు, మిమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఏదో తెలుసుకోండి

'పని చేయలేకపోతున్నాను' అని మీరు ఒకే మాట అంటారు. కానీ దాన్ని ఒక్కో ఆఫీసు ఒక్కో రకంగా కొలుస్తుంది. ఇది తెలియక జనం ఒక చోట చూపించాల్సిన కాగితం ఇంకో చోట చూపించి ఏళ్లు పోగొట్టుకుంటున్నారు.

దివ్యాంగుల పింఛనుకు అడిగే ప్రశ్న, ఒంట్లో లోపం ఎంత శాతం అని. మీరు చేసే పని హమాలీయా, టీచరా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. 40 శాతం, ఆపైన ఉండాలి. చెవుడుకు మాత్రం మన తెలంగాణ ఆసరా పింఛను నిబంధనల్లో 51 శాతం పెట్టారు. 2014లో 1,500 రూపాయలతో మొదలైన ఈ పింఛను 2019లో 3,016, 2023 జులై నుంచి 4,016 అయింది. ఆ చివరి పెంపును మన మంచిర్యాల సభలోనే ప్రకటించారు.

పని చేస్తుండగా ప్రమాదం జరిగితే ప్రశ్న వేరు: సంపాదించే శక్తి ఎంత పోయింది? జిన్నింగ్ మిల్లులో చెయ్యి నలిగినా, గ్రానైట్ క్వారీలో రాయి మీద పడినా మీరు అడిగేది పరిహారం. 1923 నాటి పరిహార చట్టం ఇప్పుడు 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. లెక్క మాత్రం పాతదే. పూర్తిగా, శాశ్వతంగా పని పోతే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే అంకెతో హెచ్చిస్తారు. కొంతే పోతే దాన్నిబట్టి తగ్గిస్తారు. దీనికి వెళ్లాల్సింది కార్మిక శాఖకు. జీతంలోంచి ఈఎస్ఐ (కార్మికుల బీమా) కోత పడుతున్నవాళ్లయితే ఈఎస్ఐ మెడికల్ బోర్డుకు.

పీఎఫ్ కడుతున్నవాళ్లకు మూడో ప్రశ్న. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో వైకల్య పింఛను ఉంది. కనీసం ఒక నెల చందా కట్టి ఉంటే చాలు, పదేళ్ల సర్వీసు అక్కర్లేదు. వైకల్యం వచ్చిన నాటికి మీరు చేస్తున్న ఆ ఉద్యోగానికే శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోయారా అని అక్కడ బోర్డు చూస్తుంది. ఏదో ఒక పని చేసుకోగలరు కదా అని కాదు, ఆ ఉద్యోగమే చేయగలరా అని. ఈ ఒక్క తేడా తెలియక దరఖాస్తే పెట్టనివాళ్లను నేను చూశాను.

సర్కారు ఉద్యోగులైతే అసలు 'పని చేయలేను' అని సంతకం పెట్టేముందు ఆగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతంతో వేరే పనికి మార్చాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా కొనసాగించాలి. రంగులు గుర్తుపట్టలేడని పక్కన పెట్టిన మన ఆర్టీసీ డ్రైవర్ కేసులో కూడా సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో, వేరే ఉద్యోగం ఇవ్వాల్సిందేనని చెప్పింది.

ఒకే దెబ్బకు వేర్వేరు అంకెలు ఎలా వస్తాయో ఒక కన్ను పోయిన లారీ డ్రైవర్ విషయంలో చూడండి. రెండో కన్ను బాగుంటే వైకల్య సర్టిఫికెట్ లెక్కలో 30 శాతమే. పింఛను రాదు. అదే కన్ను డ్యూటీలో ప్రమాదం వల్ల పూర్తిగా పోతే పరిహారం పట్టికలో 40 శాతం. అతను ఇక లారీ తోలలేకపోతే, పోయింది పట్టికలో ఉన్న 40 మాత్రమే కాదని వాదించే దారి కూడా ఉంది. అందుకే 30 శాతం సర్టిఫికెట్ చూసి 'నాకేం రాదంట' అని ఇంట్లో కూర్చోకండి.

ఇంకో మాట. బోదకాలు ఉన్నవాళ్లకు, డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకు పింఛను వేరే వరుసలో, 2,016 రూపాయలు ఉంది. వాళ్లు శాతం కోసం సదరం చుట్టూ తిరగనక్కర్లేదు.

దరఖాస్తు

జనం నోట్లో ఇంకా 'సదరం' అనే ఉంది గానీ, 2025 నుంచి మన రాష్ట్రం కేంద్రం వారి యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పద్ధతికి మారింది. స్వావలంబన్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయాలి. ఫోన్‌లో చేసుకోలేకపోతే మీసేవకు వెళ్లండి. ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర కావాలి. ఫోన్ నంబరు మాత్రం ఎప్పుడూ మీ దగ్గరుండేదే ఇవ్వండి. పిలుపు మెసేజ్‌గానే వస్తుంది. మీసేవ అబ్బాయి నంబరో, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరో ఇచ్చి తారీఖు దాటిపోయినవాళ్లు ఉన్నారు.

వైకల్యం రకం దగ్గర తొందరపడకండి. చట్టంలో 21 రకాలున్నాయి. కాళ్లు చేతులు, చూపు, వినికిడి మాత్రమే కాదు. మానసిక అనారోగ్యం, పార్కిన్సన్స్, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ కూడా అందులో ఉన్నాయి. ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ గూడేల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలకు ఇది వర్తిస్తుందని చాలా ఇళ్లలో తెలియదు. రెండు రకాల లోపాలుంటే రెండూ రాయండి.

దళారుల జోలికి పోవద్దు. "ఇన్ని వేలు ఇస్తే 60 శాతం వేయిస్తా" అనేవాడు మిమ్మల్నే ఇరికిస్తాడు. మోసంతో ఈ ప్రయోజనాలు పొందితే అదే 2016 చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఫైలు సర్దడం

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, మీ జిల్లా ఆసుపత్రిలో గానీ బోర్డు డాక్టర్ ముందు మీకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కొద్దిసేపట్లో మూడేళ్ల బాధ చెప్పలేరు. మీ తరఫున ఫైలే మాట్లాడాలి. పాత కాగితం కింద, కొత్తది పైన వచ్చేలా తారీఖుల వారీగా పెట్టండి. ఆపరేషన్ అయితే డిశ్చార్జ్ కాగితం, ఎక్స్‌రే, ఎంఆర్ఐ, నరాల పరీక్ష రిపోర్టులు, మందుల చీటీలు ఉండాలి. ఎంఆర్ఐ ఫిల్ము ఒక్కటే తీసుకుపోతే చాలదు, దానితో వచ్చిన రాతపూర్వక రిపోర్టు ముఖ్యం. ఆరోగ్యశ్రీలో చికిత్స జరిగి ఉంటే ఆ కాగితాలూ పెట్టండి. ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్న రోజులకు రుజువు ఉండదు. కాబట్టి కనీసం ఇప్పటి నుంచైనా సర్కారు దవాఖానలో ఓపీ చీటీతో చూపించుకోండి.

చూపు విషయంలో కళ్లద్దాలు తప్పకుండా తీసుకుపోండి. అద్దాలు పెట్టాక కూడా మిగిలిన లోపాన్నే లెక్కిస్తారు.

పని చిట్టా రాయండి

ఈ పని దాదాపు ఎవరూ చేయరు. నా మట్టుకు నేను అన్నిటికంటే దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. పరిహారానికీ పీఎఫ్ పింఛనుకూ ఇది సూటిగా పనికొస్తుంది. పింఛను బోర్డు ముందేమో మీరు తడబడకుండా కాపాడుతుంది.

ఎలా రాయాలో చెప్పడానికి ఒక మంచి కొలత ఉంది. రోడ్డు ప్రమాదాల కేసుల్లో ట్రిబ్యునళ్లు ఎలా ఆలోచించాలో సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పులో చెప్పింది. దెబ్బ తగిలాక ఆ మనిషి ఏం చేయగలడు, ఏం చేయలేడు? అంతకుముందు అతని వృత్తి ఏమిటి, వయసెంత? ఇప్పుడు ఏ సంపాదనా లేకుండా పోయాడా, పాత పనే చేసుకోగలడా, లేక పాతది పోయి చిన్నాచితకా పనికి దిగాడా? ఇదే వరుస. ఎడమ చెయ్యి తెగిపోతే ఒంటి లోపం 60 శాతమే అయినా, డ్రైవర్‌కో వడ్రంగికో సంపాదన నూటికి నూరు శాతం పోవచ్చని, అదే గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చని కోర్టే ఉదాహరణ ఇచ్చింది. మీరు కూడా ఈ మూడు ప్రశ్నలకు ఒక తెల్లకాగితం మీద జవాబు రాయండి.

'బరువు ఎత్తలేను' అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. 'ఇంతకుముందు రోజుకు ఇన్ని బస్తాలు దించేవాణ్ణి. ఇప్పుడు నీళ్ల బిందె ఎత్తితే కుడి కాలు జారుతుంది. పది నిమిషాలు నిలబడితే తిమ్మిరెక్కి కూర్చోవాలి. ఆటోలో పరకాల నుంచి హన్మకొండ వస్తే ఆ సాయంత్రమంతా మంచం మీదే' అని రాయండి. నిమిషాలు, అడుగులు, మెట్లు, బిందెలు. మనకు తెలిసిన కొలతల్లోనే రాయండి.

బీడీలు చుట్టే అక్క అయితే: ముందు రోజుకు ఎన్ని చుట్టేది, ఇప్పుడు ఎన్ని? ఆకు కత్తిరించేటప్పుడు కత్తెర జారుతోందా? దారం కట్టేటప్పుడు వేళ్లకు స్పర్శ తెలుస్తోందా? కూలికి పోయే వదిన అయితే: నాటు వేయడానికి వంగితే ఎంతసేపటికి లేవాల్సి వస్తోంది? పత్తి చేనులో సాలు చివరిదాకా పోగలుగుతోందా?

ఒకసారి చేయగలగడం వేరు, రోజూ చేయగలగడం వేరు. దీన్ని తప్పకుండా విడదీసి రాయండి. బోర్డు ముందు ఒక్కసారి గొంతుక్కూర్చుని లేవగలిగినా, అదే పని రోజంతా వారానికి ఆరు రోజులు చేయలేకపోతే ఆ పని పోయినట్టే. ఇవాళ చేశాక రేపు ఎలా ఉంటుందో రాయండి. నెలలో ఎన్ని రోజులు లేవలేకపోతున్నారో క్యాలెండర్ మీద గీత పెట్టి లెక్కపెట్టండి.

ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. "ఏం చేస్తున్నవమ్మా?" అంటే "ఇంట్ల పని చేసుకుంటున్న సారు" అనేస్తారు. అక్కడితో ఆమె అన్నీ చేసుకుంటోందనే అనుకుంటారు. నిజానికి బియ్యం కడిగి గంజి వంచేది కూతురు, నీళ్లు పట్టేది కోడలు, తల దువ్వేది చెల్లె. ఎవరు సాయం చేస్తున్నారో, ఆ సాయం లేకపోతే ఏం ఆగిపోతుందో ఇంట్లో అందరూ కూర్చుని గుర్తుచేసుకుని రాయండి. ఆమె మొహమాటపడుతుంది. మీరే అడగండి.

కాగితం కింద మేస్త్రీ గానీ, మిల్లు సూపర్‌వైజర్ గానీ, హమాలీ సంఘం పెద్ద గానీ రెండు మాటలు రాసి సంతకం పెడితే బలం వస్తుంది: ఎన్నేళ్ల నుంచి తెలుసు, ఏ పని చేసేవాడు, ఎప్పటి నుంచి రావడం లేదు.

పరీక్ష రోజు

వెంట ఒక మనిషి ఉండాలి. ఇంట్లో మిమ్మల్ని రోజూ చూసే మనిషి. కర్ర, బెల్టు, చెవి మిషన్ ఏది వాడుతుంటే అది తీసుకుపోండి. నలుగురిలో సిగ్గనిపించి కర్ర ఇంట్లో వదిలేయకండి. మందులు ఎప్పటిలాగే వేసుకోండి.

కాళ్లు చేతుల లోపాల్లో కీలు ఎంత వరకు తిరుగుతోంది, కండలో బలం ఎంత ఉంది, పనులు ఎలా చేస్తున్నారు అని చూస్తారు. డాక్టర్ వంగమంటే వంగండి. నొప్పి మొదలైన చోట ఆగి, "ఇక్కడికి వచ్చేసరికి నొప్పి కాల్లోకి దిగుతుంది" అని చెప్పండి. పళ్లు బిగపట్టి చూపించే బలం మీది కాదు, ఆ ఒక్క నిమిషానిది. అలాగని లేనిది నటించకండి. మీరు తలుపులోంచి ఎలా వచ్చారో, చొక్కా గుండీ ఎలా విప్పారో డాక్టర్ చూస్తూనే ఉంటారు. ఒక్కచోట నటన దొరికితే మిగిలిన నిజాన్ని కూడా నమ్మరు.

"ఎట్లున్నవ్?" అన్నది పలకరింపు కాదు. అది పరీక్షలో మొదటి ప్రశ్న. "మంచిగనే ఉన్న" అనే అలవాటు మాట నోట్లోంచి రానివ్వకండి.

మానసిక అనారోగ్యం అయితే

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఎక్స్‌రే ఉండదు. ఐడియాస్ అనే కొలమానం వాడతారు. తన పనులు తాను చూసుకోవడం, మనుషులతో మసలడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం అనే నాలుగింటికి ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు వేస్తారు. వాటికి తోడు, జబ్బు ఎంతకాలం ఉందన్నదానికి ఇంకో 4 వరకు. మొత్తం 20. కలిపి 7 వస్తే 40 శాతం గీత దాటినట్టు. ఇక్కడ పని గురించి నేరుగా అడుగుతారు కాబట్టి పని చిట్టా ఎంత అవసరమో చూడండి.

రోగి "నాకేం జబ్బు లేదు" అనవచ్చు. అది ఆ జబ్బులో భాగమే కావచ్చు. అందుకే ఇంటి మనిషి మాట కీలకం. స్నానం చేయమని ఎన్నిసార్లు చెప్పాలి, దుకాణానికి పంపితే చిల్లర లెక్క తెస్తున్నాడా, పనికి కుదిరిన చోట ఎన్ని రోజులు నిలిచాడు, రాత్రిళ్లు ఎలా గడుస్తున్నాయి అని రాసుకుపోండి. పాత ఓపీ చీటీలు ఒక్కటీ పోగొట్టుకోకండి. రోగి ముందు ఇవన్నీ చెప్పడం మనసుకు కష్టంగా ఉంటే, రాసిన కాగితం డాక్టర్ చేతికి ఇవ్వండి. ఆ మనిషి గౌరవం కూడా నిలుస్తుంది.

సర్టిఫికెట్ వచ్చాక

అంకె ఒక్కటే చూసి మడిచి పెట్టకండి. పేరు, ఆధార్, లోపం రకం సరిపోయాయా చూడండి. రెండు లోపాలు చెబితే రెండూ నమోదయ్యాయా చూడండి. ఒక కాలికి 40, ఒక చేతికి 20 అంటే 60 కాదు, 51 వస్తుంది. మోసం జరిగిందని గొడవ పడకండి, లెక్కే అలా ఉంటుంది. పెద్ద అంకెను 90లోంచి తీసేసి, మిగిలిన దాన్ని చిన్న అంకెతో హెచ్చించి, 90తో భాగించి, ఆ వచ్చింది పెద్ద అంకెకు కలుపుతారు.

40 దాటినంత మాత్రాన పింఛను దానంతటదే రాదు. ఊళ్లో పంచాయతీ కార్యదర్శి ద్వారా ఎంపీడీవో ఆఫీసులో, పట్టణంలో మున్సిపల్ ఆఫీసులో విడిగా దరఖాస్తు ఇవ్వాలి. భూమి, ఆదాయం షరతులు అక్కడ చూస్తారు. రసీదు అడిగి తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి.

శాతం అన్యాయంగా తగ్గిందనిపిస్తే, 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఊరికే 'మళ్లీ చూడండి' అంటే బలం ఉండదు. బోర్డు చూడని రిపోర్టు ఏది, కొలవని లోపం ఏది అని ఒక్కొక్కటిగా రాయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. వరంగల్ వాళ్లకు అది హన్మకొండ కోర్టు ఆవరణలోనే దొరుకుతుంది. పని ప్రమాదం కేసైతే రెండేళ్లు దాటనివ్వకండి. యజమాని "మేమే చూసుకుంటం" అని కాలం గడిపేస్తుంటే, ఆ మాట మీద కూర్చోకుండా దరఖాస్తు పెట్టేయండి.

మా కాక రెండోసారి బోర్డుకు వెళ్లినప్పుడు ఎంఆర్ఐ, నరాల పరీక్ష రిపోర్టులు, ఆయన చెబితే నేను రాసిన రెండు పేజీల చిట్టా తీసుకుపోయాం. "ఎట్లున్నది?" అంటే ఈసారి, "బస్తా కాదు సారు, బిందె లేపుతలేను" అన్నాడు. 42 వచ్చింది. కానీ అది తాత్కాలిక సర్టిఫికెట్, కింద గడువు తారీఖు ఉంది. గడువు దాటితే పింఛను ఆగే ప్రమాదం ఉంది కాబట్టి, మళ్లీ పరీక్షకు దరఖాస్తు ముందే పెట్టుకోవాలి. ఆ తారీఖుకు మూడు నెలల ముందు రోజును మా ఇంటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టాను. మీ సర్టిఫికెట్ మీద కూడా శాశ్వతమా, తాత్కాలికమా అన్న మాట ఎక్కడుందో ఇప్పుడే వెతికి చూడండి.